లేని కమాన్

మా ఊరికి కమాన్ లేదు. ఒకప్పుడు ఉండేది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు పోయే దారిలో బస్సు దిగితే ఎదురుగా రెండు సిమెంటు స్తంభాలు, వాటి మీద వంపు, వంపు మీద ఊరి పేరు కనిపించేవి. దాని నీడలో ఒక అరటిపళ్ల బండి, చెప్పులు కుట్టే ఒకాయన, నాలుగు ఆటోలు ఉండేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని ఒక్క పూటలో పడగొట్టారు. జేసీబీ వచ్చింది, నాలుగు దెబ్బలు వేసింది, వెళ్లిపోయింది. అరటిపళ్ల బండి ఇప్పటికీ అక్కడే ఉంది. ఆటోలు మాత్రం పదిహేనయ్యాయి.

కమాన్ పోయిన సంగతి మా ఊళ్లో ఎవరమూ ఒప్పుకోలేదు. ఏడున్నవ్ అని ఫోన్‌లో అడిగితే కమాన్ కాడున్న అంటాం. కమాన్ కాడ దిగుతాం, కమాన్ కాడ ఛాయ్ తాగుతాం. పెళ్లిపత్రికల మీద కూడా ‘కమాన్ దగ్గర’ అని అచ్చు వేయిస్తాం. పత్రిక అందుకున్న చుట్టాలు కమాన్ కోసం వెతుక్కుంటూ రోడ్డు మీద అటూ ఇటూ తిరగడం మాకు మామూలే.

ఇంకో కమాన్ కూడా ఉంది, కానీ అది మాది కాదు. అవుటర్ రింగు సర్వీసు రోడ్డు వైపు, ఒకప్పటి జొన్నచేలల్లో వెలిసిన కొత్త కాలనీ వాళ్లది. రెండు సిమెంటు ఏనుగులు, వాటి మీద పెద్ద వంపు, వంపు మీద మా ఊరి పేరే. దాన్ని మేం కమాన్ అనం. గేటు అంటాం. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే మాత్రం మా ఊరి కమాన్‌గా అదే కనిపిస్తుంది. మా ఇంటి నుంచి అక్కడికి ఎంతో దూరం లేదు. కానీ మధ్యలో రోడ్డుకి డివైడర్ ఉంది కాబట్టి అక్కడి నుంచి ఇటు రావాలంటే చాలా దూరం పోయి యూటర్న్ తీసుకోవాలి.

నేను ముప్పై మూడేళ్లు కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఊళ్లో అందరికీ నేను కరెంటాయన్ని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు వానాకాలం వచ్చిందంటే ఫోన్ మోగుతూనే ఉండేది. ఎవరో ఒకరు మా ఇంటి కాడ వైరు తెగిందనేవారు. మీ ఇల్లు నాకేం తెలుసు, స్తంభం మీది నంబరు చెప్పమని కసిరేవాణ్ని. వాళ్లు వానలోకి పోయి, స్తంభం చూసి, తిరిగొచ్చి చెప్పేవారు. కనిపించట్లేదంటే ఫోన్ పెట్టేసేవాణ్ని. అంత పొగరు ఉండేది నాకు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

పోయినేడు ఎండలు ముదురుతున్న రోజుల్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా ఆమె వరండాలో కూర్చుని పుంటికూర ఆకు తుంచుతోంది. నేను కుర్చీలో కునుకు తీస్తున్నాను. ఏదో అడిగినట్టు వినిపించింది. ఏందని అడిగాను. మళ్లీ ఏదో అంది. నీళ్లు అడుగుతోందని అర్థమైంది గానీ మాట నీళ్లు అని రాలేదు, నీ నీ అని ఆగిపోయింది. కళ్లు తెరిచి చూసేసరికి కుడిచేతిలో ఆకు జారి చీర మీద పడుతోంది. ఆమె దాన్ని చూస్తోంది గానీ ఎత్తలేకపోతోంది. మూతి ఒక పక్కకు లాగేసింది.

అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. చెప్పాల్సింది చెప్పాను. ఆ తర్వాత మా అమ్మాయికి చేశాను. మా బామ్మర్దికి, మేడ్చల్‌లో తెలిసిన మందుల షాపాయనకు కూడా చేశాను. మాట్లాడుతూనే పక్కింటి ఆమెను మా ఆమె దగ్గర కూర్చోబెట్టి, అంబులెన్స్‌కు ఎదురుపోదామని కమాన్ దగ్గరకు పరుగెత్తాను. అంటే, కమాన్ ఉండిన చోటుకి.

ఎండలో నిలబడ్డాను. లారీలు పోతున్నాయి, కాలేజీ బస్సులు పోతున్నాయి. అంబులెన్స్ మాత్రం రాదు. చెవి దగ్గర ఫోన్‌తోనే ప్రతి తెల్ల బండినీ చూసి చెయ్యెత్తుతున్నాను. చివరికి మా ఊరి ఆటో ఆయన ఒకడు వచ్చి, గేటు కాడ అంబులెన్స్ ఒకటి లైట్లు వేసుకుని ఆగి ఉందని, ఎవరింటికో ఏమో అన్నాడు. ఆ మాట విని నాకు ఒళ్లు మండిపోయింది. అతన్ని వెనక్కి పంపి తోలుకురమ్మన్నాను. బండి తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది.

బండి ఆగీ ఆగగానే బానెట్ మీద చేత్తో గట్టిగా కొట్టాను. డ్రైవర్‌కు ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో, సన్నగా ఉన్నాడు, చొక్కా చెమటతో తడిసిపోయింది. అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అతని పుట్టుకను కూడా వదల్లేదు.

"సార్, పక్కకు జరుగుండ్రి. ముందుగాల అమ్మను ఎక్కిద్దాం," అన్నాడు అంతే.

బండిలో మందులిచ్చే అమ్మాయి, మా ఆమెకు మూతి ఎప్పుడు వంకర పోయిందని టైము అడిగింది. ఆ టైమే ముఖ్యమని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. అప్పుడు మాత్రం ఆ అమ్మాయి మీద కూడా అరిచాను, ఆలస్యం మీరు చేసి నన్ను టైము అడుగుతారా అని. దారి పొడుగునా నేను ఫోన్‌లోనే ఉన్నాను, అంబులెన్స్ లేటుగా వచ్చిందని అందరికీ చెబుతూ.

ఆస్పత్రిలో స్కాన్ తీసి పక్షవాతం అన్నారు. వేళ మించకముందే వచ్చారు కాబట్టి మందు పనిచేసిందన్నారు. ప్రాణం నిలిచింది. కాలు నిలబడింది. కుడిచెయ్యి మాత్రం సగమే మాట వింటోంది. మాటలు కూడా అంతే, లోపల ఉంటాయి గానీ గొంతు దాటడానికి సతాయిస్తాయి. ఇంకాస్త ముందు వస్తే బాగుండేదా అని డాక్టరును అడిగాను. ఎంత ముందు వస్తే అంత మంచిదని ఆయన మామూలుగా అన్నాడు. నేను ఆ మాటను పట్టుకున్నాను.

ఇంటికి రాగానే కూర్చుని ఆ డ్రైవర్ మీద మూడు పేజీల కంప్లైంట్ రాశాను. బండి గేటు దగ్గర నిద్రపోతోందని రాశాను. అడ్రసు స్పష్టంగా చెప్పానని రాశాను. కావాలంటే నా ఫోన్ రికార్డింగ్ తీసి వినమని చివర గీత గీసి మరీ రాశాను. ఆ కాగితం నలుగురికి చూపిస్తే నలుగురూ భేష్ అన్నారు. నెల తిరక్కముందే కబురొచ్చింది. విచారణ అయ్యేదాకా అతన్ని బండి దింపి ఆఫీసులో కూర్చోబెట్టారట, తప్పు తేలితే ఉద్యోగమే పోతుందట. నిజం చెప్పాలి కదా, ఆ మాట వింటే నా కడుపు చల్లబడింది.

ఆ సంగతి మా ఆమెకు గొప్పగా చెప్పాను. ఆమె మంచం మీద కూర్చుని రబ్బరు బంతి నొక్కుతోంది, డాక్టరు చెప్పిన కసరత్తు. బంతి నొక్కడం ఆపేసింది.

"గాయన... నాకు... జెప్పిండు," అంది.

ఏం చెప్పాడని అడిగాను. ఒక్కో మాట కూడదీసుకుంటూ చాలాసేపు తీసుకుంది. బండి నడుపుతున్నంతసేపూ ఆ డ్రైవర్ వెనక్కి వినపడేలా ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడట. అమ్మా, చెరువు దాటినం. అమ్మా, ఇగ మూడు మలుపులున్నయి. అమ్మా, రెండే ఉన్నయి. అలా మలుపు మలుపుకీ చెప్పాడట. ఆ లెక్క పట్టుకునే తను కళ్లు మూయకుండా ఉన్నానంది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. ఫోన్‌లో అరుస్తూ ఒక్క ముక్కా వినలేదు.

విన్నాక కూడా మనసు మార్చుకోలేదు. మాటలు తియ్యగా చెబితే సరిపోతుందా అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ నెలలోనే మా ఊరివాళ్లం, కొత్త కాలనీ వాళ్లతో కలిసి ఒక మీటింగు పెట్టుకున్నాం. అంతకుముందు వానలకు చెరువు అలుగు పారి, రోడ్డు మీద నడుముల్లోతు నీళ్లు వచ్చినప్పుడు ఫైరింజన్ వాళ్లు ఒక స్కూలు వ్యాను లాగారు, పోలీసు కానిస్టేబుళ్లు పొద్దుగుంకేదాకా నీళ్లలోనే నిలబడ్డారు. వాళ్లకు, అంబులెన్స్ వాళ్లకు ఒక సన్మానం చేద్దామని కాలనీ సెక్రటరీ ప్రతిపాదన. ఆమె కంప్యూటర్ ఉద్యోగం చేసే అమ్మాయి, నన్ను అంకుల్ అంటుంది. సన్మానంతో పాటు ఊరికి, కాలనీకి కలిపి కెమెరాలు పెడదామని, ఫోన్‌లో ఒక బటన్ నొక్కితే అందరికీ కబురు పోయే ఏర్పాటు చేద్దామని కూడా అంది. మా మాజీ సర్పంచ్, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతాడు, ఎన్ని కెమెరాలైనా సరే కింద తన పేరు బోర్డు పెడితే చాలన్నాడు.

నాకు మండింది. లేచి నిలబడ్డాను.

"ఊరు మొత్తం కండ్లు వెడుతరు సరే. మనిషి పడిపోతే గా కెమెరా ఉరికొచ్చి నోట్లె నీళ్లు వోస్తదా?"

కొందరు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

"పోయదు అంకుల్. ఎవరు పోశారో, ఎవరు పోయలేదో మాత్రం చెబుతుంది," అంది.

ఆమె ఊరికే వాదించడం లేదు. వాళ్ల మామగారికి మతిమరుపు. ఒకసారి ఇంట్లోంచి బయటికి నడిచి కరీంనగర్ రోడ్డెక్కేశాడట. ఒక టైర్ల షాపు కెమెరాలో కనబడితే పోలీసులు ఎటు పోయాడో కనిపెట్టి పట్టుకొచ్చారట. నేను మెత్తబడలేదు. మా ఆడవాళ్లు గడపలో కూర్చుని తల దువ్వుకుంటారు, అది కూడా మీ ఫోన్లలో చూస్తారా అన్నాను. తను కూడా అదే ఆలోచిస్తున్నానని ఒప్పుకుంది. వాదన అక్కడే ఆగింది. సన్మానం జాబితాలో అంబులెన్స్ డ్రైవర్ పేరు వస్తే, నా కంప్లైంట్ ఉంది కాబట్టి దాన్ని కొట్టేయమన్నాను. కొట్టేశారు.

వారం తిరక్కముందే విచారణకు పిలిచారు. చిన్న గది, ఒక టేబుల్, ఒక కంప్యూటర్, ఒక పెద్దాఫీసరు. గోడవారగా డ్రైవర్ నిలబడి ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మనిషి ఇంకా చిక్కినట్టు కనిపించాడు. ఆఫీసరు నా మూడు పేజీలు చదివి, మీరే అడిగారు కదా, రికార్డింగ్ విందాం అన్నాడు. వినిపించండి అన్నాను కాలు మీద కాలేసుకుని.

ముందు ఒక అమ్మాయి గొంతు వచ్చింది, నెమ్మదిగా, అడ్రసు అడుగుతూ. తర్వాత నా గొంతు. నా గొంతు అంత మొరటుగా ఉంటుందని నాకు తెలియదు. ఊరి పేరు చెప్పాను. కమాన్ కాడికి రమ్మన్నాను. ఆ అమ్మాయి ఆగి, సార్, ఏ కమాన్, ఏనుగులున్నదేనా అని అడిగింది. స్పష్టంగా అడిగింది.

"ఏ కమాన్ ఏందమ్మా. కమాన్ ఒక్కటే ఉంటది గద. జల్దీ పంపుండ్రి," అన్నది నా గొంతు. ఫోన్ పెట్టేసిన చప్పుడు.

తర్వాత ఇంకా ఉంది. బండి గేటు దగ్గరకు చేరాక డ్రైవర్ నాకు చేసిన ఫోన్ల లెక్క కూడా చూపించారు. ఏడు సార్లు చేశాడు. ఏడు సార్లూ నా ఫోన్ బిజీ. ఆ టైముకు నేను బామ్మర్దితో మాట్లాడుతూ అంబులెన్స్ వాళ్లను తిడుతున్నాను.

నా కాలు నాకు తెలియకుండానే కిందికి దిగింది. ముప్పై మూడేళ్లు జనాన్ని వానలోకి తోలి స్తంభం నంబరు అడిగినవాణ్ని. నా ఇంటి ముందే పన్నెండో నంబరు స్తంభం ఉంది, నేనే పాతించాను, దాని మీద అంకె నా చేత్తోనే రాశాను. నా భార్య పడిపోయిన పూట నా నోట్లోంచి పన్నెండు రాలేదు. లేని కమాన్ వచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అప్పుడు డ్రైవర్ మాట్లాడాడు. నన్ను ఎత్తిపొడుస్తాడని అనుకున్నాను.

"తప్పు నాది గూడ ఉన్నది సార్. నేను మ్యాప్‌నే నమ్మిన. గేటు కాడ ఏ ఆటోవాళ్లనో ఒక్కమాట అడిగితె అయిపోతుండె," అన్నాడు.

ఆఫీసరును ఒక తెల్లకాగితం అడిగాను. తప్పు నాదని, కంప్లైంట్ వెనక్కి తీసుకుంటున్నానని రెండు లైన్లు రాసి సంతకం పెట్టాను. మర్నాటి నుంచే అతన్ని బండెక్కిస్తామన్నాడు ఆఫీసరు. బయట మెట్ల దగ్గర అతని చెయ్యి పట్టుకుందామని ఆగాను గానీ, అతను ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. డ్యూటీ ఇచ్చిన్రు, బిడ్డకు జెప్పు అంటున్నాడు. నేను తలొంచుకుని బస్సెక్కాను.

ఇంటికొచ్చి మా ఆమెకు మొత్తం చెప్పాను, ఒక్క ముక్క కూడా దాచుకోకుండా. ఆమె శ్రద్ధగా విన్నది. ఆమెకు కోపం వస్తుందని, ఏడుస్తుందని అనుకున్నాను. నా మొహం చూసి, మూతి ఇంకా కొంచెం వంకరగానే, నెమ్మదిగా అంది.

"కమాన్... లేదు గద."

ఊళ్లో ఇన్నేళ్లకు ఆ మాట అన్న మొదటి మనిషి ఆమే. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నేను వెనక పెరట్లోకి పోయి ఏడ్చాను.

మరుసటి మీటింగులో అదంతా చెప్పాను. చెప్పడం తేలిక కాలేదు. కెమెరా మీద వేళాకోళం చేసిన నోటితోనే, నా అబద్ధాన్ని ఒక మిషను పట్టించిందని చెప్పాల్సి వచ్చింది. ఆ మిషను లేకపోతే ఒక మనిషి కూడు పోయేదని కూడా చెప్పాను. కానీ ఇంకొకటి కూడా అన్నాను. మిషను దగ్గర మనం ఏది చెబితే అదే ఉంటుంది, కమాన్ అంటే కమానే అంటుంది, కాబట్టి ముందు మన మాట సరిచేసుకోవాలి. కెమెరాల గొడవ కూడా ఆరోజే ఒక దారికొచ్చింది. సెక్రటరీ అమ్మాయి ఇంటిదగ్గర చాలా ఆలోచించి వచ్చింది. రోడ్డు కలిసే రెండు చోట్ల మాత్రమే పెడదామని, గడపల వైపు ఒక్కటి కూడా తిప్పొద్దని, చూసే హక్కు ఒక్కరి చేతిలో కాకుండా ముగ్గురు కలిస్తేనే తెరుచుకునేలా చేద్దామని చెప్పింది. బోర్డు మీద ఎవరి పేరూ వద్దంది. మాజీ సర్పంచ్ మొహం మాడ్చుకున్నాడు గానీ వద్దనలేకపోయాడు.

నా వంతుగా నేను కరెంటు స్తంభాల పని తీసుకున్నాను. పాత అంకెలు చాలావరకు పోస్టర్ల కింద దాక్కున్నాయి. సినిమా పోస్టర్లు, ట్యూషన్ల పోస్టర్లు, పైల్స్ మందు పోస్టర్లు. అవన్నీ గీకి, పసుపు పట్టీ వేసి, దాని మీద నల్ల అంకె దూరానికి కనపడేంత పెద్దగా రాశాను. మోకాళ్లు నొప్పెట్టి పొద్దుట రెండు గంటలు మాత్రమే చేసేవాణ్ని. ఎవడైనా పిలిస్తే కసిరేవాణ్ని. సెక్రటరీ అమ్మాయి నా వెనకే ఫోన్ పట్టుకుని తిరుగుతూ ఒక్కో స్తంభం ఎక్కడుందో మ్యాప్‌లో గుర్తు పెట్టింది. ఆ జాబితా అంబులెన్స్ వాళ్లకు, ఫైర్ వాళ్లకు, స్టేషన్‌కు పంపింది. ప్రతి ఇంటి తలుపు లోపల ఒక కాగితం అంటించాం, మీ స్తంభం నంబరు ఇదీ అని. ఏమయ్యా కరెంటాయనా, రిటైరైనంక డ్యూటీ ఎక్కినవా అని ఊరంతా ఆటపట్టించింది. పట్టించనీ.

మా ఆమెకు మాటల కసరత్తు చేయించే డాక్టరమ్మ, ఇంట్లో పనికొచ్చే మాటలే పలికించమంది. నేను పన్నెండు పలికించాను. నాలుక దగ్గర ఆ మాట మస్తు పరేషాన్ చేసేది. పనెడు అనేది, పండు అనేది. పొద్దున, మధ్యాహ్నం, కూర కలుపుతూ, బంతి నొక్కుతూ అనేది. రెండు నెలలకు పన్నెండు పన్నెండుగానే వచ్చింది. వచ్చిన రోజు ఆమెతో పది సార్లు అనిపించాను.

సన్మానం ఒక ఆదివారం పొద్దున పెట్టాం, కొత్త కాలనీలో కాదు, మా బస్టాపు దగ్గర, అరటిపళ్ల బండి పక్క ఖాళీలో. నాయకులు కింద కూర్చోవాలని, సన్మానం అందుకునేవాళ్లే పైన కూర్చోవాలని పట్టుబట్టి ఒప్పించాను. జాబితాలో డ్రైవర్ పేరు మొదట రాయించాను. అతనికి నేనే మూడు సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ మర్యాదగానే డ్యూటీ ఉంటది సార్, సూస్త అన్నాడు. వస్తానని అనలేదు. అతని జాగాలో నేనుంటే రాను. అతను రాకపోతే నా తప్పు నా దగ్గరే మిగిలిపోతుందని నాకు దిగులు. క్షమించమని మూడు పేజీలు రాసుకుని జేబులో పెట్టుకున్నాను, ఆరోజు కంప్లైంట్ రాసినన్ని పేజీలే.

పది గంటలకు మొదలు. తొమ్మిదిన్నరకు అతని ఫోన్ వచ్చింది.

"సార్, వస్తున్న. ఏడికి రావాలె?"

సంతోషంతో నాకు ఒళ్లు తెలియలేదు.

"మన కమాన్ కాడికి రా బిడ్డా!"

ఫోన్ కట్ అయింది. పక్కన కుర్చీలో కూర్చున్న మా ఆమె నా వైపు చూసింది.

"పన్నెండు," అంది.

నేను తల పట్టుకున్నాను. పన్నెండు మా ఇంటి నంబరే గానీ ఆమె అన్నది అర్థమైంది, స్తంభం నంబరు చెప్పాల్సిన చోట మళ్లీ కమాన్ అన్నాను. వెంటనే తిరిగి ఫోన్ చేశాను. ఎత్తలేదు, బండి నడుపుతున్నట్టున్నాడు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఆరోజు నా ఫోన్ బిజీగా ఉన్నప్పుడు అతనికి ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది. ఆటో ఆయన్ని గేటు దగ్గరకు పరుగెత్తించాను. పది దాటింది. ఫైర్ వాళ్లు వచ్చారు, కానిస్టేబుళ్లు వచ్చారు. శాలువాలు మొదలయ్యాయి. పైన ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. నా కళ్లు మైకు మీద లేవు, రోడ్డు మీదే ఉన్నాయి. గేటు దగ్గర ఏ అంబులెన్సూ లేదని ఆటో ఆయన ఫోన్ చేశాడు. ఇగ రాడు, మళ్లీ అదే చోట నిలబెడితే ఎవరైనా ఎందుకొస్తారు అనుకున్నాను.

అప్పుడే అరటిపళ్ల బండి పక్కన అంబులెన్స్ వచ్చి ఆగింది. సైరన్ లేదు. డ్యూటీలోనే ఉన్నాడు, అయిదు నిమిషాలు అడిగి వచ్చాడట. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ దిగాడు.

మూడు పేజీలు తీశాను. అక్షరాలు కనపడలేదు. మైకులో రెండే మాటలు చెప్పాను, తప్పు నాది, ఈయనను నేను తిట్టాను అని. ఊరంతా వింటుండగా చెప్పాను. మా ఆమె శాలువా పట్టుకుని లేచింది. కుడిచెయ్యి సగమే లేస్తుంది. అతను ఆమె చెయ్యి అందేదాకా వంగి, శాలువా రెండో కొస తనే పట్టుకుని భుజం మీదకు లాక్కున్నాడు. మంచిగున్నవా అమ్మా అని అడిగాడు. ఆమె తలూపి, తను నేర్చుకున్న మాట చెప్పింది. అతనికి అర్థం కాలేదు. అది మా ఇంటి స్తంభం నంబరని చెప్పి, పక్కనున్న స్తంభం మీది పసుపు పట్టీ చూపించాను. నవ్వాడు.

అయిదు నిమిషాలూ కాకముందే బండిలోంచి పిలుపొచ్చింది. శాలువా మడిచి సీటు మీద పెట్టి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను కిటికీ పట్టుకున్నాను. గేటు కాడికి పోకుండ సీదా ఇటే ఎట్లొచ్చినవ్ బిడ్డా అని అడిగాను.

"మ్యాప్ గేటు కాడికే తీస్కపోతుండె సార్. మీరు కమాన్ అన్నరు. మీ కమాన్ లేదని నాకు ఎర్కే గద," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. బండి కదిలింది. ఆటోవాళ్లు దారిచ్చారు, అంబులెన్స్ మా కమాన్ కింద నుంచి రోడ్డెక్కింది.